బడి కమిటీ ఎన్నిక: చేతులెత్తే రోజు కంటే జాబితా అంటించే రోజే ముఖ్యం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పాఠశాల యాజమాన్య కమిటీ, అంటే అందరూ అనే ఎస్‌ఎంసీ, సభ్యత్వానికి దరఖాస్తు ఫారమంటూ ఏదీ లేదు. ఫీజు లేదు, డిపాజిట్ లేదు. "ఫారం మేం తెప్పిస్తాం, సంతకం పెట్టి ఖర్చులకు ఐదొందలు ఇవ్వండి" అని ఎవరైనా గడప తొక్కితే ఆ ఐదొందలు వాళ్ల జేబుకే. ఆ సంతకం ఎక్కడికి పోతుందో కింద చెబుతాం.

నిలబడటానికి కావాల్సింది ఒక్కటే. మీ బిడ్డ ఆ బడిలో చదువుతూ ఉండాలి, ఆ బిడ్డ పేరు ఎదురుగా తల్లిగానో తండ్రిగానో సంరక్షకులుగానో మీ పేరు ఉండాలి. చదువు అర్హత అడగరు. వేలిముద్ర వేసేవాళ్లూ నిలబడొచ్చు, గెలవొచ్చు. ఊళ్లో ఓటు ఉందా, రేషన్ కార్డు ఏ మండలంలో ఉంది అన్న ప్రశ్నే రాదు. పనికోసం వలస వచ్చి పిల్లల్ని ఇక్కడ చేర్పించినవాళ్లకూ ఊరివాళ్లతో సమానంగా హక్కుంది. జీతం, గౌరవ వేతనం ఆశించి మాత్రం రావద్దు, అవి లేవు.

దీనికి ఆధారం 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్. కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మహిళలు ఉండాలి అని అది చెబుతుంది. ప్రభుత్వ సాయం అందని ప్రైవేటు (అన్‌ఎయిడెడ్) బడులకు ఈ సెక్షన్ వర్తించదు. సాయం అందే ఎయిడెడ్ బడుల్లో, మైనారిటీ బడుల్లో 2012 సవరణ తర్వాత కమిటీది సలహా పాత్రే. తెలంగాణలోనూ ఇదే చట్టం కింద 2024 జనవరి 29న ఎన్నికలు జరిగాయి. అక్కడ ఆ ఏడాదే వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ వేరు. దానికి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్. రెండింటినీ కలిపి గందరగోళపడొద్దు.

ఆంధ్రాలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. 1 నుంచి 5 వరకు ఉన్న బడిలో మామూలుగా 15 మంది, 8 వరకు ఉంటే 24 మంది. ఒక తరగతిలో ఆరుగురు పిల్లలు కూడా లేకపోతే పక్క తరగతితో కలిపి ఎన్నిక పెడతారు. ప్రధానోపాధ్యాయుడు (హెచ్‌ఎం), ఒక టీచరు, వార్డు మెంబరు, అంగన్‌వాడీ కార్యకర్త, ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) లాంటివాళ్లు హోదా రీత్యా సభ్యులు, వాళ్లకు ఎన్నిక లేదు. పదవీకాలం రెండేళ్లు.

అసలు చిక్కు ఓటున్న తల్లిదండ్రుల జాబితాలో ఉంది. 2024లో నోటిఫికేషన్ ఆగస్టు 1న వచ్చింది, ఎన్నిక 8న అయిపోయింది. మధ్యలో ఉన్న ఆ వారంలోనే జాబితా అంటించడం, అభ్యంతరాలు తీసుకోవడం, తుది జాబితా వేయడం అన్నీ జరగాలి. ఆ వారం బడి వైపు తొంగిచూడనివాళ్లు ఎన్నిక రోజు చీర మార్చుకుని వచ్చి, పేరు లేదని విని వెనక్కి పోతారు. అప్పుడు హెచ్‌ఎంని తిట్టి లాభం లేదు, ఆయన తుది జాబితాను అక్కడికక్కడ మార్చలేరు. జాబితా నోటీసు బోర్డు మీద ఉండాలి. హెచ్‌ఎం గదిలో ఫైలులో ఉందంటే బయట అంటించమని అడగండి, అడగడం తప్పు కాదు.

పేరు ఎందుకు పోతుంది? జూన్‌లో కొత్తగా చేరిన పిల్లకు పాత బడి నుంచి బదిలీ పత్రం (టీసీ) రాక రికార్డులో ఎక్కకపోవచ్చు. పై తరగతికి వెళ్లినా ఇంకా పాత తరగతిలోనే కనిపించొచ్చు. తల్లి ఇంటిపేరు పుట్టింటిదిగా ఉండి ఆధార్‌తో పొసగకపోవచ్చు. అన్నింటికన్నా ఎక్కువ తకరారు వచ్చేది అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లల విషయంలో. అమ్మానాన్నలు కువైట్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, రిజిస్టరులో మాత్రం నాన్న పేరే ఉంటుంది. రోజూ అన్నం పెట్టి బడికి పంపే అవ్వకు ఆ కాగితం ప్రకారం ఓటు లేదు. ఎన్నిక రోజు "నేనే పెంచుతున్నా సారూ" అంటే సరిపోదు. తల్లిదండ్రుల సంతకంతో ఒక ఉత్తరం తెప్పించి, సంరక్షకురాలిగా అవ్వ పేరు ముందే రాయించాలి.

దీనికి స్టాంపు పేపరు, నోటరీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద హెచ్‌ఎం పేరిట ఇంతే రాయండి: "మా అమ్మాయి ఫలానా, 3వ తరగతి, అడ్మిషన్ నంబరు ఫలానా. జాబితాలో తల్లి పేరు తప్పుగా పడింది. సరైన పేరు ఇది. సరిచేయగలరు." ఆధార్ జిరాక్సు జతచేయండి. ఇలాంటివే రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద హెచ్‌ఎం సంతకం, తేదీ, బడి ముద్ర వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. చాలామంది మొదటిది ఇచ్చి చేతులు దులుపుకుని వస్తారు. రేపు మండల విద్యాధికారి (ఎంఈఓ) దగ్గరికి, ఆపైన జిల్లా విద్యాధికారి (డీఈఓ) దగ్గరికి వెళ్లాల్సివస్తే పనికొచ్చేది ఆ రెండో కాగితమే.

ఇక సీట్ల లెక్క. తరగతికి ఉన్న మూడింటిలో ఒకటి ఎస్సీ, ఎస్టీ, అనాథ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల వంటి ప్రతికూల పరిస్థితుల వర్గానిది. ఒకటి బీసీ, మైనారిటీ వంటి బలహీన వర్గాలది. ముగ్గురిలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు. అంటే తరగతి మొత్తానికి మగవాడికి దక్కేది మహా అయితే ఒక్క సీటు. ముగ్గురు నాన్నలు కూడబలుక్కుని "మన ముగ్గురం ఏకగ్రీవం" అనుకుని వస్తే అది చెల్లదు. వర్గాన్ని తేల్చేది బడి రికార్డు. కులం గడి ఖాళీగా ఉంటే కుల ధ్రువీకరణ పత్రం నకలు ఇచ్చి జాబితా దశలోనే నింపించండి. ఆ పత్రం లేకపోతే గ్రామ లేదా వార్డు సచివాలయంలో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, మధ్యలో ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఎన్నిక రోజు పని చిన్నది. తరగతివారీగా కూర్చోబెడతారు, పేర్లు అక్కడే ప్రతిపాదిస్తారు. నోటితో అవును, కాదు అని చెప్పే మూజువాణి ఓటుతోనో చేతులెత్తో తేలుతుంది, గొడవ వచ్చేలా ఉంటే రహస్య బ్యాలెట్. ఒక బిడ్డకు ఒకే ఓటు, అమ్మో నాన్నో వేయాలి.

అయితే కోరం ఉండాలి. ఆ తరగతి జాబితాలో సగం మంది రావాలి. 24 మంది పిల్లలుంటే 12 మంది. ఊళ్లో లేనివాళ్ల పేర్లూ ఆ 24లో కలిసే ఉంటాయి కాబట్టి, ఏడుగురు వలసలో ఉంటే మిగిలిన 17 మందిలోనే 12 మందిని కూడగట్టాలి. అవ్వ పేరు రాయించడం ఇక్కడా కలిసొస్తుంది. కోరం లేకపోతే ఎన్నిక వాయిదా పడుతుంది. ఇంటింటికీ తిరిగి పోగుచేసిన సంతకాలు సరిగ్గా ఇక్కడే బయటికొస్తాయి, రానివాళ్లు వచ్చినట్టు హాజరు షీటు నిండుతుంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, అడిగింది ఎంత తెలిసినవారైనా సరే. ఎన్నిక ముగిశాక హాజరు షీటు చూపించమని అడగండి, వీలైతే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

అదే రోజు మధ్యాహ్నం గెలిచిన తల్లిదండ్రులు తమలోంచే చైర్‌పర్సన్‌ను, వైస్ చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ, కనీసం ఒకరు ప్రతికూల పరిస్థితుల వర్గానికో బలహీన వర్గాలకో చెందినవారై ఉండాలి. ఊరి పెద్దలు పేరు ముందే ఖాయం చేసుకొచ్చినా సభ్యులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. భార్యను గెలిపించి భర్త కుర్చీలో కూర్చోవడం మామూలైపోయింది. తీర్మానం పుస్తకంలో సంతకం ఆమెది, జవాబు చెప్పాల్సిందీ ఆమే. కాబట్టి సమావేశానికి ఆమే వెళ్లాలి.

గెలిచాక మొదటి సమావేశంలోనే సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు లెక్క అడగండి. పిల్లలు 30 లోపుంటే ఏడాదికి 10,000 రూపాయలు, 100 లోపు 25,000, 250 లోపు 50,000, వెయ్యి లోపు 75,000, ఆపైన లక్ష. అందులో కనీసం పదోవంతు శుభ్రతకే ఖర్చుపెట్టాలి. మరుగుదొడ్డికి నీళ్లు లేని బడిలో ముందు అడగాల్సింది ఈ పదోవంతు గురించే. బిల్లు చూడకుండా, తేదీ వేయకుండా సంతకం చేయొద్దు. తీర్మానం రాశాక పేజీలో ఖాళీ మిగిలితే అడ్డగీత కొట్టించండి.

ఏ తరగతి నుంచి నిలబడాలో కూడా ఆలోచించుకోండి. బిడ్డ బడి వదిలితే మీ సభ్యత్వమూ పోతుంది, ఆ ఖాళీని మిగిలిన కాలానికి వేరేవారితో నింపుతారు. ఆగస్టులో ఐదో తరగతి లేదా పదో తరగతి తల్లిని చైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటే ఏప్రిల్‌కల్లా ఆ కుర్చీకి మళ్లీ ఎన్నిక పెట్టాల్సిందే. రెండేళ్లూ నిలబడే కమిటీ కావాలంటే ప్రాథమిక బడిలో మూడో తరగతి వరకు, హైస్కూల్లో ఎనిమిది వరకు చదివే పిల్లల తల్లిదండ్రుల్లోంచి చైర్‌పర్సన్‌ను చూసుకోండి.