ఇంట్లోనే నీటి చుక్కను ఫొటో తీయడం ఎలా?

నీళ్లలో చుక్క పడగానే ముందు చిన్న గుంట పడి, దాని అంచు కిరీటంలా లేస్తుంది. గుంట పూడుకోగానే నడిమధ్య నుంచి సన్నటి నీటి స్తంభం పైకొచ్చి, కొసన ఓ పూస కడుతుంది. రెప్పపాటులో అంతా అయిపోతుంది. దీన్ని ఫొటోలో పట్టడానికి సెట్టింగులు మనమే పెట్టుకునే మాన్యువల్‌ మోడ్ ఉన్న కెమెరా, ట్రైపాడ్, విడిగా పెట్టుకునే ఫ్లాష్ ఉంటే చాలు. చిన్న వస్తువుల్ని దగ్గరి నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ ఉంటే మంచిదే. లేకపోతే మామూలు లెన్స్‌కి ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలించండి.

ముందు చుక్కల ఏర్పాటు చూడండి. మెడికల్ షాపులో దొరికే సెలైన్ డ్రిప్ సెట్‌ని మించింది లేదు. చక్రం తిప్పితే చుక్కలు ఎంత వెంటవెంటనే పడాలన్నది మన చేతిలో ఉంటుంది. సూది తీసేసి, నీళ్ల సీసాకు తగిలించి, పైన కొక్కేనికి వేలాడదీయండి. గొట్టం కొస అటూ ఇటూ ఊగకుండా టేపుతో బిగించాలి, లేకపోతే చుక్క ఒకే చోట పడదు. దాని కింద 40 సెంటీమీటర్ల దూరంలో నల్లటి ట్రే పెట్టి, అంచు దాకా నీళ్లు నింపండి. నీళ్లు తగ్గితే ట్రే అంచు ఫొటోలోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. చుక్కను కదలకుండా ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్. 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడే చుక్క నీటిని తాకేటప్పటికి సెకనుకు దాదాపు 2.8 మీటర్ల వేగంతో ఉంటుంది. అంటే షట్టర్ తెరిచి ఉండే 1/200 సెకనులో 14 మిల్లీమీటర్లు జారిపోతుంది. చుక్క వెడల్పే అయిదు మిల్లీమీటర్లు ఉండదు, ఇక ఫొటోలో గీతే మిగులుతుంది. ఫ్లాష్ పవర్‌ని మొత్తంలో 1/32 వంతుకో 1/64 వంతుకో తగ్గిస్తే వెలుగు సెకనులో సుమారు పదిహేను, ఇరవై వేలో వంతు మాత్రమే ఉంటుంది. ఆ కాస్తలో చుక్క మిల్లీమీటరులో అయిదో వంతు కూడా కదలదు. చాలామంది వెలుగు చాలదేమోనని పవర్ పెంచుతారు, చుక్క చెదిరిపోయేది అందుకే. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన పాలచుక్క కిరీటం ఫొటోలో పనిచేసిందీ ఇలాంటి మెరుపే.

ఫ్లాష్ వెలుగు తప్ప మరే వెలుగూ ఫొటోలో పడకూడదు, అందుకే గది చీకటిగా ఉండాలి. షట్టర్ 1/200 సెకను, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 400 దగ్గర మొదలుపెట్టండి. ఫ్లాష్‌ని నీళ్ల మీదకి కాదు, ట్రే వెనక నిలబెట్టిన రంగు అట్ట మీదకి తిప్పండి. ఆ రంగే నీళ్లలోకి దిగుతుంది. మంచి ఎర్ర అట్ట పెట్టి చూడండి, స్తంభం కొసన ఉన్న పూసలో ఆ ఎరుపంతా ఒదిగి కెంపులా కనిపిస్తుంది. నాకు ఈ పని మీద ఇష్టం కలిగింది ఆ పూసను చూశాకే. ఫ్లాష్‌కి నీళ్లు పడకుండా పల్చటి పాలిథిన్ కవర్ చుట్టడం మరచిపోవద్దు.

ఫోకస్‌ని ఆటోకి వదిలేయకండి. చుక్క పడే చోట పెన్ను నిలబెట్టి, దాని మీద మాన్యువల్‌గా ఫోకస్ చేసి పెన్ను తీసేయండి.

ఇక నొక్కడం. చుక్క నీళ్లను తాకడం చూసి నొక్కితే కిరీటం దొరకదు. మన చెయ్యి స్పందించడానికే సెకనులో అయిదో వంతు పడుతుంది, చుక్క కింద పడటానికి పట్టేది దాదాపు 0.29 సెకను. కాబట్టి గొట్టం కొస మీదే చూపు పెట్టి, చుక్క ఊడిన క్షణమే నొక్కండి. స్తంభం కావాలంటే పిసరంత ఆగాలి. వంద తీస్తే నాలుగైదు కుదురుతాయి, టెన్షన్ పడొద్దు.

చెయ్యి కుదిరాక డ్రిప్ చక్రాన్ని కొద్దిగా వదులు చేసి చుక్కలు వెంటవెంటనే పడేలా చూడండి. మొదటి చుక్క లేపిన స్తంభం మీద రెండోది సరిగ్గా పడితే, నీళ్లు గొడుగులా విచ్చుకుంటాయి.