మిద్దె మీద కందిరీగల పెంపకం

తిరుపతిలో మా మిద్దె మీద, దోమల జాలి బిగించిన చెక్క పెట్టెలో కందిరీగల్ని పెంచుతున్నాను. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో శాస్త్రవేత్త రాఘవేంద్ర గడగ్కర్ ఏళ్ల తరబడి పరిశీలించిన రోపాలిడియా మార్జినేటా అనే కందిరీగ జాతి కట్టేలాంటి, గదులు బయటికి కనిపించే చిన్న గూడు చాలు. చెట్లకు వేలాడే పెద్ద, మూసిన గూళ్ల జోలికి పోకండి. తేనెటీగలు కుడితేనో కందిరీగలు కుడితేనో ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవాళ్లు అసలు ఈ పని పెట్టుకోవద్దు.

చీకటి పడి అన్నీ గూటికి చేరాక, టార్చికి ఎర్ర సెల్లోఫేన్ చుట్టి, గూడు మీద డబ్బా మూసి, గూడు వేలాడే కాడ దగ్గర తెంపండి. కాసేపు ఫ్రిజ్‌లో పెడితే మందగిస్తాయి. అప్పుడు కాడను పైచెక్కకు తీగతో కట్టాలి.

దూదిలో తేనె నీళ్లు, పక్కన మంచినీళ్లు పెట్టండి. పిల్లపురుగులకు మాత్రం గొంగళిపురుగులే కావాలి, అవీ మందు కొట్టని మొక్కలవి. రంగు వేయని పాత చెక్క ముక్క ఒకటి పెడితే, దాని నార గీరి గూడు కట్టుకుంటాయి.

నాకు అసలు టెన్షన్ చీమలతోనే. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. మే నెల ఎండకు నీడ, పైన తడి గోనె తప్పనిసరి.