తేట ఇంగ్లీషు – 6వ పాఠం: జాబితాలో చివరి కామా

ముందుగా పోయిన పాఠంలోని అభ్యాసానికి జవాబు. "టు"కీ "అండర్‌స్టాండ్"కీ మధ్య "రియల్లీ" రావచ్చా అన్నది ప్రశ్న. "టు రియల్లీ అండర్‌స్టాండ్" సరైన ప్రయోగమే. "టు"కీ క్రియకీ మధ్య మాట రాకూడదన్నది బళ్ళలో పాతుకుపోయిన పట్టింపు. అర్థానికి అడ్డం రానప్పుడు దిద్దనక్కర్లేదు.

ఇవాళ్టి పాఠం ఒకే ఒక్క గుర్తు గురించి. మూడో, అంతకన్నా ఎక్కువో అంశాలున్న జాబితాలో ఆఖరి "అండ్"కో "ఆర్"కో ముందు వచ్చే కామా అది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని పెట్టమంటుంది కాబట్టి ఆక్స్‌ఫర్డ్ కామా అని పేరు పడింది. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ మామూలు జాబితాల్లో వద్దంటుంది, అర్థం చెడే చోట మాత్రం పెట్టమంటుంది. మన ఇంగ్లీషు పత్రికల్లో ఎక్కువగా కనిపించదు. పెట్టినా పెట్టకపోయినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాబట్టి "ఇది తప్పు" అని ఎవరైనా ఎర్రసిరా గీత గీస్తే, "ఏ అర్థం మారింది?" అని అడగండి. మారకపోతే వాదన అక్కడితో వదిలేయొచ్చు. మారితే మాత్రం వదలకూడదు. ఎందుకో చూద్దాం.

అమెరికాలో మెయిన్ రాష్ట్ర చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటి పని చేస్తే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. కొన్ని పనులకు మినహాయింపు ఉంది. ఆ జాబితా ఇలా ఉండేది: "క్యానింగ్, ప్రాసెసింగ్, ప్రిజర్వింగ్, ఫ్రీజింగ్, డ్రయింగ్, మార్కెటింగ్, స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్ ఆఫ్". ఆ వెంటనే పంట ఉత్పత్తులు, మాంసం, చేపలు, పాడైపోయే ఆహారం అని వస్తుంది. "షిప్‌మెంట్" తర్వాత కామా లేదు. అక్కడి పాల కంపెనీ ఓక్‌హర్స్ట్ డెయిరీ లారీ డ్రైవర్లు సరుకు చేరవేస్తారు, ప్యాక్ చేయరు. ఓవర్‌టైమ్ కూలి కోసం వాళ్ళు కోర్టుకెక్కారు. మరి అది వాళ్ళకు వస్తుందా, రాదా?

అంశాల మీద అంకెలు వేయండి. "స్టోరింగ్" దాకా ఏడు. అక్కడి నుంచే పేచీ. డ్రైవర్ల లెక్కలో మిగిలింది ఒకటే: షిప్‌మెంట్ కోసమో డిస్ట్రిబ్యూషన్ కోసమో చేసే ప్యాకింగ్. మొత్తం ఎనిమిది. డెయిరీ లెక్కలో డిస్ట్రిబ్యూషన్ విడి పని కాబట్టి తొమ్మిది. డ్రైవర్ల చేతిలో మంచి ఆధారం ఉంది: పనుల పేర్లన్నీ "ఇంగ్"తో ముగుస్తున్నాయి, "డిస్ట్రిబ్యూషన్" ఒక్కటే ముగియడం లేదు. అది "షిప్‌మెంట్" జాతి మాట, దాని పక్కనే దాని చోటు. డెయిరీ వాదనా తీసిపారేసేది కాదు: ప్యాకింగే ఆఖరి అంశమైతే దానికి ముందు "ఆర్" ఉండాలి కదా, లేదే! పైగా చట్టాలు రాసేవాళ్ళకు ఆ రాష్ట్రం ఇచ్చిన మార్గదర్శిని చివరి కామా పెట్టొద్దనే చెప్పింది. 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు వాక్యం రెండు విధాలా పలుకుతోందని తేల్చి, అలాంటప్పుడు కార్మికుల పక్షాన చదవాలని డ్రైవర్లకు అనుకూలంగా తీర్పు చెప్పింది. 2018లో డెయిరీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది.

తెలుగు తెలిసినవాళ్ళ దగ్గర దీనికి మంచి పరీక్ష ఉంది. "ఉప్పూ, పప్పూ, చింతపండూ" అంటాం. "అండ్" చేసే పనిని తెలుగులో ప్రతి మాట చివరి దీర్ఘం చేస్తుంది. "ఆర్" అయితే ప్రతి అంశానికీ "గానీ" తగిలిస్తాం. ఇంగ్లీషులో ఒక్క "ఆర్" అంశాలన్నిటికీ కాపు కాయాలి, అందుకే అక్కడ గురి తప్పుతుంది. అనుమానం వచ్చిన వాక్యాన్ని తెలుగులో పైకి చెప్పండి. "రవాణాకో పంపిణీకో ప్యాక్ చేయడం గానీ" అనాలా, "రవాణాకు ప్యాక్ చేయడం గానీ, పంపిణీ చేయడం గానీ" అనాలా? "గానీ" ఎక్కడ తగిలించాలో తెలియక నాలుక ఆగిందంటే, ఇంగ్లీషు వాక్యానికి మరమ్మతు కావాలి.

మరమ్మతు ఈ వరసలో చేయండి. మొదట జంటను విడదీయండి: వాక్యంలో రెండు "ఆర్"లు అవసరమైతే రెండూ రాయండి. "స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్, ఆర్ డిస్ట్రిబ్యూటింగ్" అంటే తొమ్మిది. "స్టోరింగ్, ఆర్ ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అంటే ఎనిమిది. తర్వాత రూపాలు కలపండి: "ఇంగ్"తో మొదలైన జాబితా "ఇంగ్"తోనే ముగియాలి. అప్పటికీ బరువుగా ఉంటే అంశాల మధ్య సెమీకోలన్ పెట్టండి, లేదా ఒక్కో అంశాన్ని ఒక్కో వరుసలో రాయండి. మెయిన్ శాసనసభ తర్వాత చేసింది ఇదే: కామాలన్నీ తీసి సెమీకోలన్లు పెట్టింది, "డిస్ట్రిబ్యూషన్"ని "డిస్ట్రిబ్యూటింగ్" చేసింది.

ఎప్పుడూ చివరి కామా పెట్టేస్తే సరిపోతుందనుకునేవాళ్ళు దీన్ని చూడాలి: "ఐ మెట్ మై అంకుల్, ఎ డాక్టర్, అండ్ ఎ టీచర్." ఇక్కడ కామా వల్లే చిక్కు వచ్చింది. మామయ్యే డాక్టరా, డాక్టరు వేరే మనిషా? కామా తీసేసినా తెగదు. వరస మార్చి "ఎ డాక్టర్, ఎ టీచర్ అండ్ మై అంకుల్" అంటే ముగ్గురని తేలిపోతుంది, చివరి కామా ఉన్నా లేకున్నా.

మన రాతల్లో తరచు కనిపించే పొరపాట్లు రెండు. హోటల్ బోర్డుల మీద "టీ, కాఫీ, మిల్క్ ఆర్ (are) అవైలబుల్" అని "అండ్" లేకుండా రాస్తారు. పూర్తి వాక్యంలో అది ఉండాలి. "అండ్ ఎట్సెట్రా" కూడా తప్పే. లాటిన్‌లో "ఎట్" అంటేనే "అండ్", రెండోసారి అక్కర్లేదు.

అభ్యాసం. కింది వాక్యాల్లో ఎన్ని అంశాలున్నాయో అంకెలు వేసి, తెలుగులో చెప్పి చూసి, తిరగరాయండి.

1. ద ప్రైజెస్ విల్ గో టు ద సెక్రటరీస్ సన్స్, రవి అండ్ కిరణ్. (పిల్లలు ఇద్దరా, ఇంకా ఎక్కువా? "రవి" తర్వాత కామా పెడితే ఏమవుతుంది?)

2. నో స్మోకింగ్, స్పిటింగ్, పార్కింగ్ ఆఫ్ కార్స్ ఆర్ టూవీలర్స్ అవుట్‌సైడ్ ద గేట్. (గేటు లోపల ఉమ్మొచ్చా?)

వచ్చే పాఠం "షల్" మీద. ఇంట్లో ఇంగ్లీషులో రాసిన అద్దె ఒప్పందం ఉంటే తీసి, అందులో "షల్" వచ్చిన ప్రతిచోటా కింద గీత గీసి ఉంచుకోండి.