ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు ముత్తాతల జాడ తీయడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్ వైపు మనవాళ్లని అడిగితే పాత కాగితాలన్నీ పోయాయండీ అంటారు. చాలాసార్లు అవి పోలేదు, మనం వెతికే ఆఫీసే వేరు. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీవి. ఆ రోజు ఒడిశా విడి రాష్ట్రమై బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. రాయగడ, గుణుపూర్ అంతకుముందు విశాఖ జిల్లాలో జయపురం జమీందారీ కింద ఉండేవి, గజపతి, రాయగడ జిల్లాలైతే 1992లో పుట్టాయి. కాబట్టి ముందు సంవత్సరం వేసుకుని, ఆ ఏడు ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకుని, అప్పుడు బస్సెక్కండి.

మొదలు మాత్రం ఇంట్లోనే. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు, గోత్రం, అమ్మ వైపు పెద్దల పేర్లతో సహా పురోహితుడికి తెలిసే ఉంటాయి. తర్వాత మేనత్తల్ని, పెద్దమ్మల్ని కూర్చోబెట్టుకుని ఎవరిని ఏ ఊరి నుంచి చేసుకున్నాం, ఎవరిని ఏ ఊరికి ఇచ్చాం అని అడగండి, ఎందుకంటే మగవాళ్లు చెప్పే వంశంలో ఆడపిల్లలు మాయమైపోతారు, అది నిజంగా అన్యాయం. ప్రతి కోడలికీ పుట్టింటి ఇంటిపేరు, ఊరు రాయాల్సిందే. పాత శుభలేఖలు పారేయొద్దు.

ఇక భూమి. ఒడిశా వైపైతే భూలేఖ్ వెబ్‌సైట్‌లో జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకుంటే ఖాతా నంబరుతో గానీ రైతు పేరుతో గానీ పట్టా చూడొచ్చు. అంతా ఒడియా లిపిలో ఉంటుంది, టెన్షన్ పడకండి, చదవాల్సింది కొంచెమే: పేరు పక్కన 'పి' అని ఉంటే తండ్రి, 'స్వా' అని ఉంటే భర్త, 'జా' అంటే కులం, 'బా' అంటే ఉండే ఊరు. వెంకటరమణ అక్కడ బెంకట రమణ అవుతాడు, అలా కూడా వెతకండి. ఇంకో చిక్కు, అక్కడ మన ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోయి, 'రావు', 'పాత్రో', 'ఆచారి' అనేవే ఇంటిపేర్లుగా ఎక్కుతాయి, ఒట్టి రావు అని వెతికితే ఊరంతా వస్తుంది.

నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. అమ్మకం దస్తావేజులో తండ్రి పేరు, కాపురం ఊరు, ఒక్కోసారి అన్నదమ్ములందరి పేర్లూ ఉంటాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని, దాని సూచికల్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాల నకలు మాత్రం రాసినవాళ్లు పోయాకే బయటివాళ్లకి ఇస్తారు. అగ్రహారాలు, ఈనాం భూములు ఉన్న కుటుంబాలైతే 1860ల నాటి ఈనాం రిజిస్టర్ అడగండి, మొదట ఎవరికి ఇచ్చారు, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్లకి వీళ్లేమవుతారు అనే గడులు అందులో ఉంటాయి. బరంపురం వైపు గంజాం జిల్లా పాత కాగితాలకి ఛత్రపురం కలెక్టరేట్ రికార్డు రూమ్‌లో అడగండి, మద్రాసు కాలం ఫైళ్లకి చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్.

జనాభా లెక్కల వెనక పడొద్దు. ఐర్లాండ్‌లో 1922లో డబ్లిన్ రికార్డుల ఆఫీసు కాలిపోయి బోలెడు కాగితాలు బూడిదైనా, 1901, 1911 జనాభా లెక్కలు ఇంటింటి పేర్లతో ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మనదగ్గర ఆ వీలు లేదు, ఇంటివారీ వివరాలు చూపించకూడదని 1948 సెన్సస్ చట్టమే చెబుతుంది.

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే అదృష్టం, 1860 నుంచి ఓడ జాబితాల్లో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసేవారు. రంగూన్ వెళ్లినవాళ్లు ఎక్కువగా అలాంటి ఒప్పందం లేకుండా వెళ్లారు, వాళ్ల కోసం ఇంట్లో ఉత్తరాలు, మనియార్డర్ రసీదులే వెతుక్కోవాలి.

తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే ఇంట్లో ముగ్గురు అప్పలస్వాములు ఉంటారు. తండ్రి పేరు, ఊరు, కాలం మూడూ కలిస్తేనే ఒకే మనిషి అనుకోండి. దాయాదులతో వాట్సాప్ గ్రూపు పెట్టి పని పంచుకోండి, ఒడియా చదవగలిగే పిల్లలకి పట్టాలు, శ్రీకాకుళం వైపు ఉన్నవాళ్లకి అటు ఆఫీసులు. ప్రతి పేరు పక్కనా అది ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో రాయండి, వేరేవాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షాన్ని కాగితం చూడకుండా మీ దాంట్లో అతికించకండి. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, ఆధార్, పట్టా కాపీలు గ్రూపులో పెట్టొద్దు.