మతిమరుపు మనిషి ఉన్న ఇంట్లో ముందు కెమెరా కొనకండి

డిమెన్షియా అని డాక్టరు చెప్పగానే అందరం పరుగెత్తేది సీసీ కెమెరా కోసమే. మేమూ పెట్టించాం. ఓ తెల్లవారుజామున మా అమ్మ సంచిలో దువ్వెన, రెండు జాకెట్లు సర్దుకుని, పుట్టింటికి బస్సెక్కాలని తలుపు తీసుకుని వెళ్లిపోయింది. కెమెరా అంతా శుభ్రంగా రికార్డు చేసింది కానీ మమ్మల్ని లేపలేదు. వీధి చివర పాలబ్బాయి చూసి తీసుకొచ్చాడు.

అందుకని ముందు తలుపు సంగతి చూడండి. అయస్కాంతంతో పనిచేసే డోర్ సెన్సర్ కొన్ని వందల్లోనే వస్తుంది. ఒక ముక్క తలుపుకి, రెండోది పక్కనే గుమ్మానికి, పైన కంటపడని చోట అతికించాలి. రెండూ విడిపోతే మోగుతుంది. తలుపు దగ్గరే గోల చేసే రకం వద్దు, వాళ్లు బెదిరిపోతారు. మీ మంచం పక్కన మోగేలా రిసీవర్ విడిగా ఉన్నది తీసుకోండి. బయట నుంచి తాళం వేసి వెళ్లడం మాత్రం వద్దే వద్దు, నిప్పంటుకుంటే దారుండదు.

తర్వాత గ్యాస్. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగుతుంది, కాబట్టి లీకేజీ అలారం నేలకి అడుగు ఎత్తులో పెట్టాలి. పైపు గ్యాసైతే తేలిక, అప్పుడు పైకప్పు దగ్గర. అలారం ఉన్నా రాత్రి రెగ్యులేటర్ ఆపేయండి. ఇండక్షన్ స్టవ్ మంచిదే, గిన్నె తీస్తే ఆగిపోతుంది, కానీ మా అమ్మ అగ్గిపుల్ల గీసి ఎక్కడ వెలిగించాలా అని దాని చుట్టూ వెతికింది! జబ్బు ముదిరాక కొత్త వస్తువు అలవాటు చేయడం కష్టం, కొనేదేదో మొదట్లోనే కొనండి.

మనిషి ఎక్కడున్నదీ మన ఫోన్లో చూపించే ట్రాకర్ల విషయంలో ఒక్క మాట. బ్లూటూత్ ట్యాగ్ చుట్టుపక్కల ఫోన్ల మీద ఆధారపడుతుంది, పల్లెలో పొలాల వైపు వెళ్తే దాన్ని నమ్ముకోలేం. సిమ్ ఉన్న జీపీఎస్ వాచీ నయం, కాకపోతే తరచూ చార్జింగ్ పెట్టాలి, పైగా వాళ్లు విప్పి పారేస్తారు. అందుకే మా ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ల అమ్మ మెడలో తాడుకి వేశాం. మనిషి కనబడకపోతే ఆలస్యం చేయకుండా 112కి ఫోన్ చేయండి.

బాత్రూమ్ లోపలి గడియ తీసేయండి, మంచం నుంచి అక్కడిదాకా కదలికకి వెలిగే చిన్న లైట్లు పెట్టండి.

బ్యాటరీలు అయిపోతే ఇవేవీ పనిచేయవు. మేం ఒకటో తారీఖున పాల లెక్క చూసేటప్పుడే తలుపు ఓసారి తీసి, గంట మోగుతోందో లేదో చూసుకుంటాం.