అనంతగిరి ఘాట్‌లో చెయ్యిచ్చిన డిస్క్ బ్రేకులు

అరకు నుంచి ఎస్.కోట వైపు సైకిల్ మీద దిగుతున్నాను. గాలికొండ దాటి కాఫీ తోటల మధ్య మలుపులు మొదలయ్యాక డిస్క్ బ్రేకు కీచుమని అరిచింది. లివర్ ఎంత నొక్కినా బండి ఆగట్లేదు. టెన్షన్! కేబుల్ వదులైందనుకుని అడ్జస్టర్ తిప్పాను, లాభం లేదు. దగ్గరికెళ్తే రోటర్ నుంచి, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం నుంచి, సెగ కొడుతోంది. (ముట్టుకోకండి, వేలు కాలుతుంది.) అరగంట చల్లారనిచ్చి మెల్లగా దిగాను.

ఇంటికొచ్చి, రోటర్‌ని రెండు వైపులా నొక్కిపట్టే ప్యాడ్లు ఊడదీస్తే అద్దంలా మెరుస్తున్నాయి. తప్పు నాదే: దారంతా బ్రేకు మీంచి వేళ్లు తీయలేదు. వేడికి ప్యాడ్ పైపొర గట్టిపడి నునుపెక్కింది. మందం సరిపడా ఉంది కాబట్టి, మాస్క్ కట్టుకుని సన్నటి గరుకు కాగితం మీద ఆ మెరుపు పోయేదాకా రుద్దాను. రోటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. తర్వాత ప్యాడ్లు రోటర్‌కి మళ్లీ కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోవడం, పూర్తిగా ఆగకుండా నెమ్మదించడం, ఇలా ఇరవైసార్లు. పదోసారికే పట్టు తెలిసింది.

ఇప్పుడు మలుపుకి ముందే గట్టిగా నొక్కి, మలుపులో వదిలేస్తున్నా. మొన్న అదే ఘాట్ దిగితే కీచు లేదు, దారిలో కోతులే అరిచాయి.