చదివిందంతా ఎగ్జామ్ హాల్లో ఆవిరైపోతోందా? ముందు పుస్తకం మూయండి

"మూడుసార్లు చదివానన్నా, పేపర్ చేతిలోకి రాగానే బ్లాంక్ అయిపోయింది." జూనియర్లకు లెక్కలు, ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ మాట వినని సెమిస్టర్ లేదు. కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు, జ్ఞాపకశక్తి తక్కువనో, టెన్షన్ అనో, టైమ్ చాల్లేదనో. అవన్నీ తర్వాత చూద్దాం, ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకుని రండి.

నిన్న చదివిన టాపిక్ ఒకటి తీసుకోండి. పుస్తకం మూసేసి, ఫోన్ పక్క గదిలో పడేసి, తెల్ల కాగితం మీద 10 నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. హెడ్డింగులు రాసి సరిపెట్టకండి, అసలు విషయం రాయాలి. ఇది చెప్పగానే "ఆ, తెలుసులే అన్నా" అని దాటేస్తారు, దాటేసి వెళ్లి అదే చాప్టర్ నాలుగోసారి చదువుతారు! ఈ కాగితం చూడకుండా మీ సమస్య ఏంటో నేను కాదు, ఎవరూ చెప్పలేరు.

లక్షణం 1: కాగితం దాదాపు ఖాళీగా ఉంది, పుస్తకం తెరిస్తే మాత్రం అన్నీ తెలిసినవే

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, నేనూ ఇరుక్కున్నాను. థర్మోడైనమిక్స్ (వేడి, పని ఒకదాంట్లోకి ఒకటి మారే తీరు చెప్పే ఫిజిక్స్ భాగం) రెండో నియమానికి రెండు ప్రకటనలుంటాయి కదా, క్లాసియస్‌ది ఒకటి, కెల్విన్-ప్లాంక్‌ది ఒకటి. రెండూ ఒకటేనని నిరూపించే బొమ్మని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. హాల్లో అదే ప్రశ్న వచ్చింది. బొమ్మ పేజీలో కుడివైపు కింద ఉంటుందని గుర్తుంది, దాని పక్కన నేను గీసిన పసుపు గీత కూడా గుర్తుంది, చల్లటి రిజర్వాయర్ (వేడిని ఇచ్చిపుచ్చుకునే చల్లటి వస్తువు) నుంచి వేడి పైకి వెళ్లే బాణం గీయాలో కింద నుంచి ఇంజిన్‌కి వచ్చే బాణం గీయాలో మాత్రం తెలియలేదు. రెండు బాణాలు గీసి, కొట్టేసి, మళ్లీ గీసి, చివరికి ప్రశ్నే వదిలేశాను.

కారణం ఏంటంటే, చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా బయటికి తీయడం వేరు. రోజూ దారిలో కనిపించే మనిషి ముఖం చూడగానే పోల్చుకుంటాం, ఆ ముఖం బొమ్మ గీయమంటే చేతులెత్తేస్తాం. మళ్లీ మళ్లీ చదివితే పెరిగేది ఆ మొదటి రకమే, పైగా చదివేకొద్దీ కళ్లు సాఫీగా పరిగెడతాయి కాబట్టి "వచ్చేసింది" అనిపిస్తుంది. మోసమంతా ఆ అనిపించడంలోనే ఉంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ప్రచురించిన ప్రయోగం దీనికి సరిగ్గా సరిపోతుంది. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా రాశారు. 5 నిమిషాల తర్వాత టెస్ట్ పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వాళ్లకు 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం ఆగి పెడితే తలకిందులైంది, చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56. అంటే ముందురోజు రాత్రి మీకు కలిగే నమ్మకం ఆ 5 నిమిషాల మార్కు లాంటిదన్నమాట.

పరిష్కారం కొత్తదేం కాదు. ఒకసారి అర్థం చేసుకుంటూ చదవండి, మూయండి, రాయండి, తర్వాత పుస్తకం తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపండి. ఈసారి చదవాల్సింది ఆ ఎర్ర భాగమే, మొత్తం చాప్టర్ కాదు. అదే పని మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారం దాటాక ఇంకోసారి. రోజుల లెక్కలో మంత్రమేం లేదు, కాస్త మరిచిపోయే టైమ్ ఇచ్చి మళ్లీ లాగడమే ముఖ్యం.

ఇక్కడా ఒక దొంగ దారి ఉంది, జాగ్రత్త. "మనసులో అనుకున్నాను, వచ్చింది" అనడం, లేదా పది సెకన్లు ఆలోచించి జవాబు వైపు చూసి "అదే, నాలుక చివర ఉంది" అనడం. ఫ్లాష్‌కార్డులు (ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు ఉండే చీటీలు) వాడేవాళ్లు కూడా ఇలాగే కార్డులు తిప్పుకుంటూ పోతారు. కాగితం మీద పడకపోతే రానట్టే లెక్క. మొదట్లో చిరాగ్గా ఉంటుంది, నాలుగు లైన్లు కూడా రావు, దాంతో ఈ పద్ధతి నాకు పనిచేయట్లేదని మానేస్తారు. ఆ తడుముకోవడమే పని జరుగుతోందనడానికి గుర్తు.

లక్షణం 2: థియరీ రాస్తున్నారు, లెక్క మొదలే కావట్లేదు

ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చేసుంటారు. చాప్టర్ పేరే ఏ ఫార్ములా వాడాలో చెప్పేస్తుంది, పేపర్లో ఆ పేరు ఉండదు. రోరర్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో చూపించింది ఇదే: ఒక్కో రకం విడిగా చేసినవాళ్లకు ప్రాక్టీస్‌లో 89 శాతం, కలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత టెస్ట్‌లో మొదటివాళ్లకు 20, రెండోవాళ్లకు 63. నాలుగైదు చాప్టర్ల లెక్కలు చీటీల మీద రాసి కలిపేసి తీయండి. చెయ్యకముందే ఏ పద్ధతి, ఎందుకు అని ఒక లైన్ రాయండి.

లక్షణం 3: ఇంట్లో వస్తోంది, హాల్లో రావట్లేదు

గడియారం పెట్టుకుని, పాత పేపర్ తీసుకుని, మధ్యలో లేవకుండా రెండు మూడుసార్లు రాయండి. చాలావరకు తగ్గుతుంది. వారాల తరబడి నిద్ర, తిండి కూడా దెబ్బతింటుంటే మాత్రం అది చదువు సమస్య కాదు, కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి.

మిగతావి అరుదు. "నేను విజువల్ లెర్నర్‌ని, వీడియోలైతేనే ఎక్కుతుంది" అనే మాటకు గట్టి ఆధారం దొరకలేదు, దాని కోసం టైమ్ పెట్టకండి. రాత్రంతా మేలుకుంటుంటే ముందు నిద్రపోండి, ఆ తర్వాతే ఇదంతా.

మూడుసార్లు రాసినా ప్రతిసారీ అదే లైన్ దగ్గర ఆగిపోతున్నారా? అయితే అది మర్చిపోవడం కాదు, అసలు అర్థం కాలేదు. ఎర్ర గీతలున్న ఆ కాగితమే తీసుకుని లెక్చరర్ దగ్గరికి వెళ్లండి. "చాప్టర్ అర్థం కాలేదు సార్" అంటే ఆయన మొదటి నుంచి చెప్పి పంపిస్తారు, మీరు తలూపి వచ్చేస్తారు. "ఈ బాణం ఇటే ఎందుకు?" అని అడగండి.